అన్నము మానిన యిల్లాలు

శ్రావణమాసపు పేరంటమున మా ప్రక్కను గూర్చున్న యొక యిల్లాలు, పులిహోర వడ్డింపవచ్చిన పిల్లను చేయి యడ్డము పెట్టి వారించి, "అన్నము మాని మూడు వారములైనది, అక్కగారూ! నాలుగు కిలోలు తగ్గితిని" అని మా చెవిలో జెప్పినది. సంతోషింపవలసిన మాటయే. కాని యామె ముఖము వాడియున్నది. మాటతోపాటు నోట మురిగిన పండు వాసన వచ్చినది. కృష్ణ కాలువల నీట వరి పండించుకొను మా కూచిపూడిలో అన్నము మానుటయు నొక నోమైనదని యప్పుడు తెలిసికొంటిమి.

ఈ నోము క్రొత్తది కాదు. 1863లో లండనునందు విలియం బాంటింగు అను అంత్యక్రియల నిర్వాహకుడు, రొట్టె, చక్కెర, బంగాళాదుంప విడిచి తాను సన్నబడిన విధమును చిన్న పుస్తకముగా ప్రకటించెను. 1972లో అమెరికా వైద్యుడు ఆట్కిన్సు ఇట్టి గ్రంథమునే వ్రాసెను. మన వైపున 2017, 2018 సంవత్సరముల ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారు చెప్పిన కొబ్బరినూనె, నిమ్మకాయల పద్ధతి యింటింట మాటయైనది. మా పొరుగామె మాత్రము ఎవరి గ్రంథమును జదువలేదు, ఎవరిని అడుగను లేదు. వదినగారి వలన విన్నవి నాలుగు, తాను కల్పించుకొన్నవి రెండు, ఇవియే యామె నియమములు.

ఆ నాలుగు కిలోల సంగతి మొదట విచారింతము. మనము తిన్న పిండిపదార్థములో కొంత గ్లైకోజెను అను రూపమున కాలేయమునందును కండలయందును నిలువయుండును. అది సుమారు అరకిలో. ప్రతి గ్రాముతోను ఇంచుమించు మూడు గ్రాముల నీరు చేరియుండును. అన్నము మానగనే యీ నిలువ కరగి నీరు పోవును. మా వారు లెక్కల మాస్టరు గావున కాగితముపై వేసి, "ఆ నిలువయు నీళ్లును గలిసియే రమారమి రెండు కిలోలు గదా!" అనిరి. అన్నము మరల ముట్టిన వారములో నవి తిరిగి వచ్చును. నోటి వాసన కీటోనుల వలన గలిగినది. పీచు తగ్గుటచే మలబద్ధకము, తలనొప్పి, పిక్కలు పట్టుట పలువురకు గలుగును. కొందరిలో చెడు కొలెస్టరాలు పెరుగును.

2003లో అమెరికాలో 63 మందిపై జరిగిన పరీక్షలో ఆరు నెలలకు పిండి తగ్గించినవారే ముందుండిరి. ఏడాదికి ఆ భేదము నిలువలేదు. 2018లో 609 మందిని పరీక్షింపగా, ఏడాదికి పిండి తగ్గించినవారు 6 కిలోలును, కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలును తగ్గిరి. ఇదియు చెప్పుకోదగిన భేదము కాదనిరి.

వైద్యుని కనుసన్నల నీ పద్ధతిచే మధుమేహము అదుపునకు వచ్చినవారు గలరు. దానిని మేము కాదనము. మా పొరుగామెకును మధుమేహమే. అన్నము మానినది గాని మాత్రలు యథాప్రకారము మ్రింగుచున్నది. వైద్యుడు కోపించునని యీ సంగతి యాయనకు జెప్పలేదు. పేరంటమైన వారమునకే యొక యుదయమున పొయ్యి యొద్ద చెమటలు పట్టి కూలబడినది. రక్తములో చక్కెర మిక్కిలి పడిపోయినదట. కోడలు పంచదార నీళ్లు త్రాగింపబట్టి తేరుకొన్నది. ఇన్సులిను గాని, చక్కెరను మిక్కిలి తగ్గించు మాత్రలు గాని వాడువారికి ఈ భయము గలదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడువారు పిండిపదార్థము బొత్తిగా మానినచో రక్తము ఆమ్లమై ప్రాణముమీదికి రావచ్చును. మాత్రలను తమంతట తాము మానుటయు నంతే ప్రమాదము. గర్భిణులును పాలిచ్చు తల్లులును ఈ జోలికి పోరాదు.

మఱియొక సంగతి మమ్మెక్కువ బాధించినది. ఆమె కూతురు పదునాలుగేండ్లది, గజ్జె కట్టి నృత్యము నేర్చుచున్నది. తల్లిని జూచి తానును కంచములో అన్నము ప్రక్కకు నెట్టుచున్నదట. జతులు వడిగా నడుచునప్పుడు కండలకు బలమిచ్చునది ఆ గ్లైకోజెనే. పిల్ల నడుమ నడుమ నిలిచిపోవుచుండ, గురువుగారు బద్ధకమనుకొనిరి.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో, ధాన్యముల నుండి వచ్చు శక్తి మొత్తములో 45 వంతులకు మించరాదనిరి. అనగా తగ్గింపుమనిరే గాని మానుమనలేదు. మన కంచములో అన్నము కొండయై, పప్పును కూరయు నంచుకు మాత్రమే యుండుట నిజము గదా!

ఇపుడా యిల్లాలు వైద్యునికి సర్వము జెప్పి, మాత్రల మోతాదు మార్పించుకొని, పూటకొక చిన్న గిన్నెడు అన్నము, దానికి రెండింతలు కూర, పప్పు తినుచున్నది. సాయంకాలము మాతో కాలువగట్టున నడచుచున్నది. రెండు నెలలలో తగ్గినది కిలోన్నర. కూతురికి తానే వడ్డించి, తానును ప్రక్కనే కూర్చుండి తినుచున్నది.