బ్యాచిలర్లకు ఇవ్వబడదు

బెంగుళూరులో స్టూడియో అపార్ట్‌మెంట్ అనేదాన్ని జనగామలో పెంట్‌హౌస్ అంటారు. ఒక గది, గోడవారగా వంటగట్టు, ఒక బాత్రూం. కాకపోతే ఇది డాబా మీద ఉంటుంది, పక్కనే నీళ్ళ ట్యాంకు. ఎండాకాలంలో రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం.

నాకు అలాంటి గది ఒకటి కావలసొచ్చింది. మా ఆఫీసు పోచారం వైపు, వారానికి మూడు రోజులు రావాల్సిందే అంటున్నారు. మిగతా రోజులు మానుకోటలో అమ్మ దగ్గర ఉండాలి, ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. (మానుకోట అంటే మహబూబాబాదే. ఆ పేరు రైలు టికెట్ల మీదా, ప్రభుత్వ కాయితాల మీదా ఉంటుంది, మా నోళ్ళలో ఉండదు.) జనగామ నుంచి రోజూ కారులో కలిసి వెళ్ళే బ్యాచ్‌లో ఒక సీటు ఖాళీ ఉంది. అద్దె ఉప్పల్‌లో సగం కూడా కాదు. లెక్క బాగానే కుదిరింది.

ఐదు ఇళ్ళు చూశాను. నాలుగు చోట్ల మొదటి ప్రశ్నే "ఫ్యామిలీ ఎప్పుడొస్తది?" నాకు ముప్పై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు. అది చెప్పగానే గది అప్పుడే ఎవరికో ఇచ్చేసినట్టు గుర్తొచ్చేది వాళ్ళకి. ఒంటరిగా ఉండేవాడి కోసమే కట్టిన ఒంటి గదికి ఫ్యామిలీ కావాలట! ఐదో ఇంటాయన మాత్రం కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "మీరెవలు సార్? ఏం పట్టింపు లేదు, ఊర్కె అడుగుతున్న" అన్నాడు.

చెప్పాను. ఆయన మొహం విప్పారింది. బ్యాచిలర్ అయినా పర్లేదన్నాడు, అడ్వాన్సు రెండు నెలలు చాలన్నాడు.

మన భాషలో చెప్పాలంటే, "బ్యాచిలర్స్‌కి ఇవ్వబడదు" అన్నది పైకి కనిపించే ఎర్రర్ మెసేజ్ మాత్రమే. అసలు చెక్ వేరే చోట ఉంది. ఆ చెక్‌లో నేను పాసయ్యాను, తాళంచెవి తీసుకున్నాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ క్షణంలో నాకు కోపం రాలేదు, హమ్మయ్య అనిపించింది. సిగ్గు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది.

పాత వరంగల్ జిల్లాని 2016 అక్టోబరులో ముక్కలు చేసినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. జనగామ వాళ్ళు దానికోసం పెద్ద ఉద్యమమే చేశారు. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్లా 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. అంటే ఒంటరిగా వచ్చే నర్సులు, కుర్ర డాక్టర్లు, కొత్తగా పోస్టింగ్ వచ్చిన గుమాస్తాలు. వాళ్ళంతా ఎక్కడుండాలి? చాలామంది హనుమకొండలో ఉండి రోజూ తిరుగుతారు. సాయంత్రం నాలుగయ్యేసరికి వాళ్ళ కళ్ళు గడియారం మీదే. "డాక్టర్లు ఊళ్ళో ఉండరండీ" అని టీకొట్టు దగ్గర తిట్టేవాళ్ళలో టులెట్ బోర్డు మీద "ఫ్యామిలీలకు మాత్రమే" అని రాయించినవాళ్ళు ఎంతమందో.

భూపాలపల్లి కొంచెం నయం. సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరులో థర్మల్ కేంద్రం, ఎక్కడెక్కడినుంచో వచ్చిన మనుషులు. అక్కడ కాంట్రాక్టు పని చేసే నా స్నేహితుణ్ణి ఓనరు ఒకే ఒక్క మాట అడిగాడట, "షిఫ్టు ఏది?" అని. రాత్రి గేటు తీయాలి కదా, అందుకు.

చట్టం ఏం చేస్తుంది అంటారా? ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది కాబట్టి అందరం పదకొండు నెలలకి రాసుకుంటాం. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఇంటికి రెండు నెలలకు మించి అడ్వాన్సు అడగొద్దంది. కులం అడగొద్దని అందులో లేదు.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు. మానుకోటలో మా ఇంటి పైన కూడా ఒక గది ఉంది. నాన్న ఉన్నప్పుడు కట్టించింది. జనగామలో నేను తాళంచెవి తీసుకున్న వారమే, అక్కడి ఆసుపత్రిలో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు ఆ గది అడగడానికి వస్తే అమ్మ లేదని పంపేసింది. "ఒక్క ఆడిపిల్ల, నైటు డ్యూటీలు, ఎవలో ఏమో" అంది. ఎవలో ఏమో అన్న మాట మీదే మా ఇద్దరికీ గొడవైంది. "నిన్నడిగినప్పుడు నువ్వు చెప్పలేదా?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. తన మోకాలికి కట్టు మార్చేది కూడా అలాంటి ఒక నర్సమ్మే అని మాత్రం అన్నాను. రెండు రోజులు మాటల్లేవు.

ఆ అమ్మాయి కోసం వాకబు చేస్తే, వరంగల్ నుంచి రోజూ రైల్లో వస్తోందని తెలిసింది. కబురు పంపాం, ఇంకా రాలేదు. మా గేటు మీది బోర్డులో రెండో లైనుకి తెల్ల పెయింటు వేశాను. అమ్మ వరండాలోంచి చూసింది, ఏమీ అనలేదు. రాత్రి అన్నం పెడుతూ "మరి వచ్చినోళ్ళని ఏమడగాలె?" అంది.

జనగామ గది సంగతే ఇంకా తేల్చుకోలేదు. పదకొండు నెలలూ మార్చితో అయిపోతాయి.