నోరూరడం ఎందుకు ఆగింది?

అందరూ తినేటప్పుడు పళ్ల సెట్టు పెట్టుకుంటారు. మా నాయనమ్మ తినేటప్పుడు తీసి పక్కన పెడుతుంది. తిన్నాక మళ్లీ పెట్టుకుంటుంది. రాత్రి పడుకునేటప్పుడు కూడా తీయదు.

మొన్న సంక్రాంతికి లింగాల ఘనపూర్ వెళ్లినప్పుడు ఇది గమనించాను. సకినాన్ని చాయ్‌లో నానబెట్టుకుని, రెండు ముక్కలు తిని, ప్లేటు పక్కకు నెట్టేసింది. "నోరంతా పిడచగట్టుకపోతాంది బిడ్డా. ఏం తిన్నా మట్టి తిన్నట్టే ఉంటాంది" అంది. కూరలో ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా ఆమెకు ఒకటే. ఒకప్పుడు మా అమ్మ వంటకు రోజూ వంక పెట్టిన మనిషి! "ముసలితనం కదా" అని ఇంట్లో అందరం సరిపెట్టుకున్నాం. నేనైతే కొత్త సెట్టు చేయిద్దామని ఫోన్‌లో రేట్లు కూడా చూశాను.

జనగామలో పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన సెట్టు ముట్టుకోకముందే అడిగిన ప్రశ్న: "అవ్వా, రోజూ ఏమేం గోలీలు వేసుకుంటున్నవ్?" నాయనమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ కవర్ తీసింది. బీపీది, షుగర్‌ది... వాటితో పాటు ఎప్పుడో జలుబుకని మందుల షాపులో కొని, నెలల తరబడి ఆపకుండా మింగుతున్న ఇంకోటి. డాక్టర్ నోట్లో లైటు వేసి చూసి, "సెట్టు మంచిగనే ఉంది. నోట్లె ఊటే లేదు" అన్నాడు.

ఎంగిలి అని మనం చీదరించుకునే ఉమ్మి గురించి అప్పుడే కాస్త చదివాను. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటర్ల దాకా ఊరుతుందట. అందులో 99 శాతం నీళ్లే. మిగిలిన ఆ ఒక్క శాతంలో ఉండే లవణాలు, ప్రోటీన్లే నోటికి కాపలా.

మ్యూసిన్ అనే ప్రోటీన్ వల్లే ఉమ్మికి ఆ జిగురు. ముద్ద గొంతులోకి జారేది, నాలుక చిగుళ్లకు రాసుకుపోకుండా ఉండేది దాని వల్లే. అమైలేజ్ అన్నంలోని పిండిని చక్కెరగా విడగొడుతుంది. ఉత్త అన్నం ఒక్క నిమిషం బాగా నమిలి చూడండి, తియ్యగా అవుతుంది. లైసోజైమ్ బ్యాక్టీరియా గోడల్ని పగలగొడుతుంది. దీన్ని కనిపెట్టింది ఎవరో తెలుసా? పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే. పెన్సిలిన్ కంటే ముందే, 1922లో దీని గురించి ప్రకటించాడు. ఇక హిస్టాటిన్లు నోట్లో ఫంగస్ పెరగకుండా అదుపులో పెడతాయి.

పళ్లే లేనప్పుడు వీటితో పనేంటి అంటారా? అప్పుడే ఎక్కువ పని. తడిసిన రెండు అద్దం ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోవడం చూసే ఉంటారు. పై సెట్టు అంగిలికి పట్టుకుని ఉండేది కూడా మధ్యలోని పల్చటి ఉమ్మి పొర వల్లే. అది ఎండిపోతే సెట్టు జారుతుంది, చిగుళ్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. నాయనమ్మ తినేటప్పుడు సెట్టు ఎందుకు తీసేస్తోందో అర్థమైంది కదా! రుచి సంగతి కూడా అంతే. ఉప్పైనా, పులుపైనా ఉమ్మిలో కరిగితేనే నాలుకకు తెలుస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. రాత్రి నిద్రలో ఎవరికైనా ఉమ్మి బాగా తగ్గుతుంది. అప్పుడు కూడా సెట్టు నోట్లోనే ఉంటే దాని కింద కాండిడా అనే ఫంగస్ గూడు కట్టుకుంటుంది. నాయనమ్మ అంగిలి సరిగ్గా సెట్టు ఆకారంలో ఎర్రగా కందిపోయి ఉంది. "రాత్రిపూట ఎందుకు తీయవు అవ్వా?" అని డాక్టర్ అడిగితే, ఆమె నా వైపు చూసి మెల్లగా చెప్పింది: "నడి రాత్రి ఏమన్నా అయితే నలుగురు వస్తరు సారూ. బోసి నోటితోని కనవడితే ఎట్ల?"

నాకు మాట రాలేదు.

వయసుతో ఊట కొంత తగ్గొచ్చు. కానీ నోరు పిడచకట్టేంతగా ఎండిందంటే దాన్ని వయసు మీదకి నెట్టేయొద్దు. జలుబు, అలర్జీ మందులు, కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందులు, అదుపులో లేని షుగర్... ఇలా కారణాలు చాలా ఉంటాయి. అలాగని గోలీలు మీరే ఆపించకండి. వాటన్నిటినీ ఒక ఫొటో తీసి డాక్టర్‌కు చూపించండి.

ఈసారి ఊరెళ్లినప్పుడు మీ ఫోన్ టార్చ్ వేసి తాత, నాయనమ్మల నోట్లోకి ఒకసారి చూడండి. ఎరుపు, తెల్ల మచ్చలు, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. సెట్టును రోజూ మెత్తటి బ్రష్‌తో తోమి, రాత్రి చల్లటి నీళ్లలో వేయాలి. మరిగే నీళ్లు పోస్తే వంకర పోతుంది. చిగుళ్లను తడి గుడ్డతో తుడవాలి. మధ్య మధ్యలో గుక్కెడు నీళ్లు తాగించాలి. ఎండిన నోటికి చక్కెర చాక్లెట్లు మాత్రం ఇవ్వకండి. పళ్లు లేవని పళ్ల డాక్టర్‌ను మానేయొద్దు.

నాయనమ్మకు జలుబు గోలీ ఆపేశారు, ఫంగస్‌కు మందు ఇచ్చారు. రాత్రిపూట సెట్టు ఇప్పుడు ఆమె మంచం పక్కనే మూత ఉన్న డబ్బాలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటుంది. ఆ ఒప్పందం మీదే తీయడానికి ఒప్పుకుంది.

నెల తర్వాత అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయనమ్మ ఇయ్యాల పచ్చిపులుసుల ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది" అని చెప్పి, పకపకా నవ్వింది.