ఇసుక బాకీ

'నీలి ఆర్థిక వ్యవస్థ' అన్న మాట ఈ మధ్య విశాఖలో తెగ వినిపిస్తోంది. నా తగాదా మాటతో కాదు, దాని వెనకున్న లెక్కతో. ఎన్ని ఓడలొచ్చాయి, ఎన్ని టన్నుల సరుకు దిగింది అని గొప్పగా చెబుతారు. ఒడ్డుకి ఎంత నష్టమొచ్చిందో చెప్పరు.

మన తీరంలో ఇసుక ఊరికే పడుండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు అలల వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1933లో తెరిచిన పోర్టుకి 1970లలో ఔటర్ హార్బర్ తోడైంది. సముద్రంలోకి చొచ్చుకెళ్లిన దాని రాతిగోడలు ఆ ఇసుకని ఆపేస్తాయి. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రావాల్సిన వంతు రాదు, అలలు మాత్రం ఉన్నదాన్ని కోసుకుపోతూనే ఉంటాయి. అందుకే డ్రెడ్జర్‌తో తవ్వి బీచ్‌లో ఇసుక పోస్తుంటారు. దాన్ని నగరానికి చేసే సేవ అంటే ఎలా? మన ఇసుకే మనకి తిరిగొస్తోంది. అది బాకీ తీర్చడం.

"అయితే పోర్టే వద్దంటావా?" అంటారు. అననే అనను. 1948లో 'జల ఉష' ఓడ ఇక్కడే నీళ్లలోకి దిగింది. స్టీల్ ప్లాంట్‌కి బొగ్గు సముద్రం మీదే వస్తుంది. ఊరు ఓడల మీద బతుకుతోంది కాబట్టే, వాటి ఖర్చు ఎవరు మోస్తున్నారో అడగాలి.

జాలరిపేటల్లో పడవ ఒడ్డుకి లాగాలన్నా, వల ఆరేయాలన్నా ఇసుకే కావాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, యంత్రాల పడవలు వేటకెళ్లవు. సముద్రం బాగుండాలని వాళ్లు తమ పని ఆపుకుంటున్నారు. ఆ భృతిని దయగా చూసేవాళ్లు, ఓడల కోసం కట్టిన గోడ ఒడ్డుని తినేస్తుంటే దాన్ని మాత్రం అభివృద్ధి అంటారు.

లక్ష పైచిలుకు జనాభా ఉన్న ద్వీప దేశం సీషెల్స్. 2018లో కోటిన్నర డాలర్ల బ్లూ బాండు తెచ్చింది, ప్రపంచంలో ఏ ప్రభుత్వమూ అంతకుముందు ఆ పని చేయలేదు. 2020కల్లా తన సముద్రంలో 30 శాతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కాపాడాల్సింది ఎంతో అంకె వేసి మరీ చెప్పింది.

మనకీ అలాంటి అంకె ఒకటి కావాలి. ఏటా సరుకు టన్నుల పక్కనే, ఎంత ఇసుక ఆగింది, ఎంత తిరిగి పోశారు, ఇంకా ఎంత బాకీ ఉంది అన్నది తెలుగులో రాసి జాలరిపేటల్లో చదివి వినిపించాలి. అప్పటిదాకా ఆ నీలాన్ని నేను నమ్మను.