పల్లెకు బస్సు – సంఘముల కర్తవ్యము



2000 సంవత్సరమున ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూలమున బురదదారులు గల పెక్కు పల్లెలకు మంచి రోడ్లు ఏర్పడినవి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని రోడ్డు పడినంతమాత్రమున ప్రయాణసౌకర్యము కలిగినట్లు కాదు. మోటారుసైకిలు గలవాడు ఆ రోడ్డున పోవును. అది లేని వృద్ధులు, గర్భిణులు, హైస్కూలునకు పోవు బాలికలు ఏమి చేయవలెను?

తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీ నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీ నుండియు పల్లెవెలుగు మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడినది. మంచి పనియే. అయితే బస్సు రాని ఊరి స్త్రీకి దీనివలన ఒరిగినదేమి? ఆమె ఆటోకు రొక్కమిచ్చియే బస్సుండు ఊరికి చేరవలసియున్నది. బస్సు గల ఊరికి ఉచితము, లేని ఊరికి ఖర్చు! ఇది న్యాయము కాదు.

నాట్ల దినములలోను, పత్తితీత దినములలోను కూలివారిని సరకుల ఆటోలలో క్రిక్కిరియ నెక్కించి తీసికొనిపోవుట మనమందరము చూచుచున్నదే. ఆ బండ్లు జనులను మోయుటకు అనుమతి పొందినవి కావు. బండి తిరుగబడినచో ప్రాణములు పోవుటయేగాక ఇన్సూరెన్సు సొమ్మునకును చిక్కు వచ్చును. ఆ బండ్లను కుదుర్చువారిలో మన రైతులును గలరు. కావున ఈ దోషమున మనకును పాలున్నది.

డిపోవారి నడిగినచో ఆదాయము చాలదందురు. ఆ మాట అబద్ధము కాదు. ఖాళీబస్సునకు డీజిలు ఖర్చయినను రాదు. ఈ చిక్కునకు కేరళమున నొక మార్గము కనుగొనిరి. 2022లో అచటి ఆర్టీసీవారు ‘గ్రామవండి’ యను ఏర్పాటు ప్రారంభించిరి. బస్సును, సిబ్బందిని ఆర్టీసీవారిచ్చునట్లును, డీజిలు ఖర్చు స్థానిక సంస్థ భరించునట్లును ఒప్పందము.

మన సంఘములును పంచాయతీలతో కలిసి ఇట్టి ఏర్పాటు కోరరాదా? ఉదాహరణమునకు లెక్క చూడుడు. పోను రాను 18 కిలోమీటర్ల దారిలో దినమునకు రెండు తడవలు బస్సు తిరిగినచో 36 కిలోమీటర్లు. లీటరుకు 5 కిలోమీటర్ల చొప్పున 7 లీటర్లకు పైగా డీజిలు, అనగా సుమారు 700 రూపాయలు. 300 ఇండ్లు పంచుకొన్నచో ఇంటికి నెలకు 70 రూపాయలు. ఒక్కమారు ఆటో కుదుర్చుకొన్న ఖర్చంతయైనను కాదు.

సంఘమే బస్సు కొనవలెనని కొందరందురు. తొందర కూడదని నా అభిప్రాయము. 1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి కిరాయికి జనులను చేరవేయుటకు పర్మిట్టు కావలెను. టైర్లు, మరమ్మతులు, డ్రైవరు జీతము సరేసరి. అప్పుల వసూలునకే తంటాలుపడు సంఘము బస్సు కొన్నచో అది కొలదికాలమునకే చెట్టుక్రింద చేరును.

కావున రాబోవు మహాజనసభలో ఈ విషయము చర్చింపుడు. ఏ వేళకు, ఏ ఊరికి, ఎందరు పోవుదురో ఇంటింట అడిగి పట్టిక వ్రాయుడు. దారిలోని మూడు నాలుగు సంఘములు కలిసి ఆ పట్టికతో డిపో మేనేజరును చూడుడు. వసూలైన సొమ్మునకు వేరుగా ఖాతా పెట్టి, నెలనెల లెక్క సంఘము గోడకు అంటింపుడు. లెక్క కనబడనిచోట చందా నిలువదు.

ఎరువుల బస్తాలు ఊరికి తెచ్చుకొనుటకై మనము కలిసితిమి. మన తల్లులను ఆసుపత్రికి చేర్చుటకు కలియలేమా?