దిక్సూచి దిశ మారినచో

కళింగపట్టణము, భీమునిపట్టణము రేవులుగా వెలుగొందిన నాళ్లలో ఓడలకు దారి చూపినది దిక్సూచి ముల్లు. అది ఉత్తరమును చూపుటకు భూమి యొక పెద్ద అయస్కాంతమగుటయే కారణము. సుమారు 2,900 కిలోమీటర్ల లోతున కరగిన ఇనుము నిరంతరము కదలుచుండును. ఆ కదలిక వలననే అయస్కాంతక్షేత్రము జనించుచున్నది. పుట్టుచోటు నిలుకడ లేనిదగుటచే ఆ క్షేత్రమును స్థిరము కాదు. దాని ధ్రువములు అనేక పర్యాయములు తారుమారైనవి. చివరి మార్పు జరిగి సుమారు 7,80,000 సంవత్సరములైనది.

ఇందుకు సాక్ష్యము తెలుగునేలయందే కలదు. రాజమహేంద్రవరము పరిసరములలోని నల్లరాతి పొరలు దాదాపు ఆరున్నర కోట్ల సంవత్సరముల నాటి లావా చల్లారి యేర్పడినవి. చల్లారునపుడు లావాలోని ఇనుప ఖనిజములు ఆనాటి అయస్కాంత దిశను తమలో ముద్రించుకొనును. అచ్చటి క్రింది పొరలలో నొక దిశయు, పై పొరలో దానికి వ్యతిరేకమైన దిశయు శాస్త్రజ్ఞులకు కనబడినవి.

ఈ మార్పు మరల రాగలదని వినగానే ప్రళయమని బెదరించువారు కొందరు. 1962లో అష్టగ్రహకూటమి నాడును, 2012 డిసెంబరులోను ఇట్టి వదంతులే పుట్టినవి. లోకము నిలిచియే యున్నది. ధ్రువములు మారుటకు వేలయేండ్లు పట్టును. భూమి తలక్రిందులు కాదు. సూర్యుడు తూర్పుననే ఉదయించును. శీతకాలమున శ్రీకాకుళ తీరమునకు గ్రుడ్లు పెట్టవచ్చు సముద్రపు తాబేళ్లను చూడుడు. భూమి అయస్కాంతశక్తిని పసిగట్టి దారి తెలిసికొను ప్రాణులలో సముద్రపు తాబేళ్లు ముఖ్యమైనవి. వాని వంశము పదికోట్ల సంవత్సరములకు పైబడినది. గత 8 కోట్ల 30 లక్షల సంవత్సరములలోనే ధ్రువములు 180కి పైగా పర్యాయములు మారినను ఆ వంశము నశింపలేదు.

అట్లని ఉపేక్ష తగదు. మార్పు వేళ క్షేత్రము మిక్కిలి బలహీనమగును. సూర్యునినుండి దూసుకొనివచ్చు విద్యుత్కణములను మళ్లించు కవచము పలుచనగును. భూమిపైని ప్రాణులకు వాయుమండలము రక్షగా నుండును గాని, దానికి పైనుండు ఉపగ్రహములకు ఆ రక్ష లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినది. దాని రాకను ముందుగా కనిపెట్టుటకు ఉపగ్రహ చిత్రములు తోడ్పడినవి. ఆకాశమునందలి ఆ కన్నులు మసకబారినచో నష్టము తీరవాసులకే.

గత రెండు శతాబ్దములలో క్షేత్రబలము పదింట నొకవంతునకు చేరువగా తగ్గినది. అంతమాత్రమున మార్పు సమీపించినదని చెప్పరాదు. తగ్గిన బలము మరల పుంజుకొనవచ్చును. కావున చేయదగిన పని విడువక కొలుచుచుండుటయే. 1961లో హైదరాబాదున నెలకొనిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యిట్టి కొలతలు సాగించుచున్నది. వదంతి పుట్టించువాని మాట ఒక్కదినమున ఊరూర వ్యాపించును; కొలుచువాని శ్రమ ఏండ్లకుగాని ఫలింపదు. అయినను ఆపదవేళ అక్కరకు వచ్చునది ఆ శ్రమయే. భయపెట్టు మాట చెవిని బడినపుడు విద్యార్థులు “దీనిని ఎవరు కొలిచిరి? ఎట్లు కొలిచిరి?” అని అడుగుట నేర్వవలెను. ధ్రువములు మారినను దారి తప్పింపని దిక్సూచి అదియే.