ఆపరేషన్ పేషెంట్లకు తెలుగులో చెప్పి వినిపించాలి



ఆపరేషన్ అయ్యాక మలబద్ధకంతో మనవాళ్లు పడుతున్న బాధ గురించి ఈసారి రాస్తున్నాం. కూలి రేట్లు, బోనస్ వదిలేసి యూనియన్ పత్రికకు ఇదేం విషయమని కొందరు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు, చివరిదాకా చదవండి.

షోలాపూర్‌లో మన పవర్‌లూమ్ కార్మికుడు ఒకతను ఏళ్ల తరబడి బీములు ఎత్తీ ఎత్తీ హెర్నియా తెచ్చుకుని ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు రెండు పేజీల కాగితం చేతిలో పెట్టారు. అంతా ఇంగ్లీషు. నర్సు మరాఠీలో గబగబా ఏదో చెప్పింది, నొప్పితో ఉన్న మనిషికి సగం కూడా తలకెక్కలేదు. ఇంటికొచ్చాక ఐదు రోజులు దొడ్డికి కాలేదు. కుట్లు తెగుతాయన్న భయంతో తిండి తగ్గించాడు. చాల్‌లో అందరికీ కలిపి ఉన్న మరుగుదొడ్డి ముందు లైన్లో నిలబడలేక నీళ్లు కూడా తగ్గించాడు. ఆరో రోజు ముక్కీ ముక్కీ నొప్పి ఎక్కువై మళ్లీ ఆటోలో ఆస్పత్రికి పరుగు. అక్కడ ఎనిమా ఇచ్చి, "కాగితంలో అంతా రాసే ఇచ్చాం కదా" అన్నారట.

రాసిచ్చారు, నిజమే. ఎవరు చదవాలి? మనలో పెద్దవాళ్లు చాలామందికి సంతకం వరకే వచ్చు. పిల్లలు మరాఠీ మీడియంలో చదువుతున్నారు. ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగే. ఈ పత్రికనే చూడండి, టీ కొట్టు దగ్గర ఒకరు చదువుతుంటే నలుగురు వింటారు. మన చదువు మొదటినుంచీ చెవి చదువే. అందుకే మేము అడిగేది ఇది: ఆపరేషన్‌కు ముందే ఒకసారి, ఇంటికి పంపేటప్పుడు మరోసారి, నాలుగైదు నిమిషాల తెలుగు రికార్డింగు వినిపించాలి. దాన్ని పేషెంటు ఫోన్లోనో, కొడుకు ఫోన్లోనో వేసి పంపాలి. ఇంట్లో ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వింటారు. దీనికి పెద్ద మిషన్లు అక్కర్లేదు, ఫోన్లు అందరి జేబుల్లోనూ ఉన్నాయి.

అందులో ముందు కారణం చెప్పాలి. కారణం తెలియని మనిషి సలహా పాటించడు. నొప్పి తగ్గడానికి ఇచ్చే మందుల్లో ట్రమడాల్, మార్ఫిన్ వంటివి పేగుల కదలికను మందగింపజేస్తాయి. మత్తుమందు ప్రభావం, మంచం మీదే పడి ఉండడం, తిండీ నీళ్లూ తగ్గడం, కొందరికి రక్తం తక్కువని ఇచ్చే ఐరన్ మాత్రలు, ఇవన్నీ తోడవుతాయి. అంటే ఇది పేషెంటు తప్పు కాదు. ముందే చెబితే చాలావరకు తప్పించుకోగల బాధ.

ఇక మాట ఇలా ఉండాలని మా ఉద్దేశం: "అన్నా, డాక్టర్ లేవమన్నప్పటి నుంచి రోజుకు నాలుగైదుసార్లు మెల్లగా నడువు. నీళ్లు ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తాగుతుండు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉంటే ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌నే అడుగు. తినొచ్చని చెప్పాక జొన్న రొట్టె, ఆకుకూర, జామపండు తిను. దొడ్డికి వచ్చినప్పుడు ఆపుకోకు, ముక్కకు. డాక్టర్ విరేచనం మందు రాస్తే మానకుండా వేసుకో. పక్కింటివాళ్లు చెప్పారని ఆముదం తాగకు. ఇసబ్‌గోల్ కూడా అడగకుండా వేసుకోకు, నీళ్లు చాలకపోతే అదే లోపల అడ్డుపడుతుంది. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే ఇంట్లో కూర్చోకు, వెంటనే ఆస్పత్రికి రా." పేగు ఆపరేషన్ అయినవాళ్లకు తిండి, మందుల విషయం వేరు, వాళ్లకు వేరే రికార్డింగు ఉండాలి. ఆడవాళ్లకు ఆడ గొంతుతో చెబితే మంచిది. సిజేరియన్ అయిన మన చెల్లెళ్లు ఈ మాట మగ డాక్టర్‌ను నోరు తెరిచి అడగరు.

ఒక చిక్కుంది. ఇరవై ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో నిలబడ్డ మనిషికి చెవి సరిగా పనిచేయదు. సాంచాల షెడ్లో 90 డెసిబెల్స్ దాటడం మామూలే. కాబట్టి రికార్డింగు నిదానంగా, గట్టిగా ఉండాలి, పక్కన ఇంటి మనిషిని కూర్చోబెట్టి వినిపించాలి. విన్నాక "ఏం అర్థమైంది, చెప్పు" అని అడగాలి. వినిపించేశాం, పని అయిపోయిందనుకుంటే అది కూడా ఇంకో కాగితమే అవుతుంది.

నీళ్లు తాగమని రికార్డింగు చెబుతుంది, సరే. పనిలోకి వెళ్లాక తాగేందుకు మంచినీళ్లు, పోయేందుకు దొడ్డి ఉండాలి గదా! 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఈ రెండూ కల్పించాలని రాశారు. మన షెడ్లలో ఎన్నింట్లో నడుస్తున్న దొడ్డి ఉందో మీకే తెలుసు. పన్నెండు గంటల పాళీలో మగ్గం ఆపి వెళ్తే కూలి పోతుందని ఆపుకునే అలవాటు మనకు ఆపరేషన్‌కు ముందే పడింది.

ఈఎస్‌ఐ ఉన్నవారి జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. డబ్బు కడుతున్నాం కాబట్టి అర్థమయ్యే భాషలో చెప్పమని అడగడం బిచ్చం కాదు. జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం వేతనమైనా వస్తుంది వాళ్లకు. పదిమంది లేరని లెక్క చూపించే షెడ్లలో పనిచేసేవాళ్లకు అదీ లేదు. ఇలాంటి చిన్న బాధతో మళ్లీ నాలుగు రోజులు మంచం ఎక్కితే నాలుగు రోజుల కూలీ పోయినట్టే.

రికార్డింగుకు గొంతు మేమిస్తాం. మాట మాత్రం ఆపరేషన్ చేసే డాక్టర్లే చూసి సరిచేయాలి. ఆస్పత్రులకు ఇవ్వబోయే అర్జీలో ఇదే రాస్తున్నాం. ఆపరేషన్ అయినవాళ్లు తమకేం చెప్పారో, ఏది అర్థం కాలేదో యూనియన్ ఆఫీసుకొచ్చి చెప్పండి. రాసి తేనక్కర్లేదు, నోటితో చెబితే చాలు.