ఆ స్క్రీన్ మన చెమటని లెక్కపెట్టదు

మన కాలేజ్ జిమ్‌లో ఖాళీగా ఉండే మెషిన్ ఏదని అడిగితే ఎవరైనా చెప్తారు, మూలన ఉన్న రోయింగ్ మెషిన్ అని. ట్రెడ్‌మిల్ దగ్గర క్యూ ఉంటుంది. డంబెల్స్ కోసం మాటామాటా పెరుగుతుంది. దీని సీటు మీద మాత్రం టవల్స్, వాటర్ బాటిల్స్ విశ్రాంతి తీసుకుంటూ ఉంటాయి. ఎవరైనా ఎక్కినా మూడు నిమిషాలు ఊపిరాడకుండా లాగేసి, "అమ్మో, ఇది మనవల్ల కాదు" అని దిగిపోతారు. వాళ్ళకి బలం లేదని నేను అనుకోను. ఉన్న బలంలో సగం చక్రం దాకా వెళ్ళకుండానే కారిపోతోంది. దాన్ని ఆపడం నేర్పించకుండా ఇంకెన్ని మెషిన్లు కొన్నా లాభం లేదని నా అభిప్రాయం.

ముందు ఆ మెషిన్ ఏం చేస్తుందో చూద్దాం. సీటు ఒక పట్టా మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. హ్యాండిల్‌కి ఒక గొలుసు, గొలుసు అవతల ఫ్యాన్ రెక్కలున్న ఫ్లైవీల్. మనం లాగితే అది గాలిని కోస్తూ తిరుగుతుంది. అమెరికాలోని వర్మాంట్‌లో డిక్, పీట్ డ్రైసిగాకర్ అనే అన్నదమ్ములు 1981లో తయారుచేసిన మొదటి మోడల్‌లో ఆ ఫ్లైవీల్ ఒక సైకిల్ చక్రమే. దానికి ప్లాస్టిక్ రెక్కలు తగిలించారు. వాళ్ళ కంపెనీ పేరు కాన్సెప్ట్ 2. మన జిమ్‌లో ఉన్నదీ ఆ రకమే.

అసలు విషయం దాని స్క్రీన్‌లో ఉంది. అది చూసేది ఫ్లైవీల్‌ని ఒక్కదాన్నే. మన ముఖం ఎంత ఎర్రబడింది, టీషర్ట్ ఎంత తడిసింది అన్నది దానికి తెలియదు. దాని లెక్క సింపుల్. ఒక మీటరుకి ఎన్ని సెకన్లు పట్టిందో తీసుకుని, దాన్ని ఘనం చేసి, 2.80ని దాంతో భాగిస్తే వాట్స్ వస్తాయి. 500 మీటర్లు 2 నిమిషాల 30 సెకన్లలో లాగితే సుమారు 104 వాట్స్. అదే 2 నిమిషాల్లో లాగాలంటే సుమారు 203 వాట్స్. టైమ్ తగ్గింది ఐదో వంతే, పవర్ మాత్రం దాదాపు రెట్టింపు కావాలి. వేగం ఇంత ఖరీదైనప్పుడు ఒంట్లోంచి బయటికొచ్చే ప్రతి జౌల్ చక్రానికి చేరాలి కదా. అది చేరకుండా ఎక్కడెక్కడ పోతోందో చూడండి.

ఒక స్ట్రోక్‌లో నాలుగు భాగాలు ఉంటాయి. మోకాళ్ళు ముడిచి, చేతులు చాపి, కాస్త ముందుకి వాలి ఉండేది క్యాచ్. అక్కడి నుంచి వెనక్కి తోసుకుంటూ వెళ్ళేది డ్రైవ్. కాళ్ళు చాపుకుని హ్యాండిల్ పక్కటెముకల కిందికి వచ్చేది ఫినిష్. మళ్ళీ ముందుకి వచ్చేది రికవరీ. డ్రైవ్‌లో వరస ఇది: కాళ్ళు, నడుము, చేతులు. రికవరీలో సరిగ్గా తిరగేసి: చేతులు, నడుము, కాళ్ళు. డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్ళకి స్టాక్ గుర్తొచ్చి ఉంటుంది. చివర పెట్టింది ముందు తీస్తాం, అంతే. పవర్‌లో సుమారు 60 శాతం కాళ్ళది, 30 శాతం నడుము, పొట్టది, 10 శాతం చేతులది అని రోయింగ్ కోచ్‌లు ఒక అంచనాగా చెప్తుంటారు. మన జిమ్‌లో మాత్రం చాలామంది ఈ లెక్కని తలకిందులు చేస్తారు.

మొదటి వృథా చేతుల దగ్గర. కాళ్ళు ఇంకా తోస్తుండగానే మోచేతులు వంచేస్తే, తొడలు మోయాల్సిన బరువు ముంజేతుల మీద పడుతుంది. రెండు నిమిషాల్లో చేతులు మండిపోతాయి, కాళ్ళు మాత్రం ఫ్రెష్‌గా ఉంటాయి. డ్రైవ్ మొదట్లో చేతులు బావిలో చేదకి కట్టిన తాడులాంటివి. తాడు తనంతట తాను లాగదు, పట్టుకుని ఉంటుంది. హ్యాండిల్‌ని కూడా పీక పిసికినట్టు పట్టుకోనక్కర్లేదు, వేళ్ళతో కొక్కెంలా తగిలిస్తే చాలు.

రెండోది ఇంకా పెద్దది. కాళ్ళు తోయగానే సీటు సర్రున వెనక్కి పారిపోతుంది, హ్యాండిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అంటే ఒంట్లోని అన్నిటికన్నా పెద్ద కండరాలు చేసిన పని ఉత్త సీటుని జరపడానికి సరిపోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పైగా మిగిలిన లాగుడంతా వంగి ఉన్న నడుము ఒక్కటే చేయాలి. రోజుకి ఎనిమిది గంటలు ల్యాప్‌టాప్ ముందు కుర్చీలో వంగి కూర్చునే మనలాంటివాళ్ళ నడుముకి ఇది అస్సలు మంచిది కాదు. మా బ్యాచ్‌లో ఒకతను ఇలాగే వారం రోజులు లాగి, తర్వాత రెండు వారాలు క్లాస్‌లో కుర్చీకి దిండు పెట్టుకుని కూర్చున్నాడు. దీనికి పరీక్ష చాలా తేలిక. సీటు, హ్యాండిల్ రెండూ ఒకేసారి కదులుతున్నాయా అని పక్కనున్నవాళ్ళని చూడమనండి.

మూడోది తొందర. నిమిషానికి ఎక్కువ స్ట్రోకులు వేస్తే ఎక్కువ పని అయినట్టు అనిపిస్తుంది. ఇక్కడ ఇంటర్ ఫిజిక్స్ చాలు. 65 కిలోల మనిషి రికవరీలో సెకనుకి అర మీటరు వేగంతో ముందుకి జారితే ఆ కదలికలో ఉన్న శక్తి సుమారు 8 జౌళ్ళు. సెకనుకి 1 మీటరు వేగంతో దూసుకొస్తే సుమారు 32 జౌళ్ళు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. ఆ వేగాన్ని క్యాచ్ దగ్గర కాళ్ళే బ్రేక్ వేసి ఆపాలి. ఇందులో ఫ్లైవీల్‌కి చిల్లిగవ్వ కూడా వెళ్ళదు. అదే 203 వాట్స్‌ని నిమిషానికి 20 స్ట్రోకుల్లో రాబట్టొచ్చు, స్ట్రోకుకి సుమారు 600 జౌళ్ళు. లేదా 30 స్ట్రోకుల్లో, స్ట్రోకుకి సుమారు 400. స్క్రీన్‌కి రెండూ ఒకటే. మనకి మాత్రం రెండో దారిలో మన ఒంటినే నిమిషానికి పదిసార్లు ఎక్కువ అటూ ఇటూ మోయాల్సిన పని. పోటీల్లో 2000 మీటర్లకి 30 పైనే లాగుతారు, నిజమే. కానీ వాళ్ళ ప్రాక్టీసులో చాలా భాగం 18, 20 దగ్గరే నడుస్తుంది. డ్రైవ్‌కి ఒక వంతు టైమ్, రికవరీకి రెండు వంతులు అనుకుంటే చాలు. తోసేటప్పుడు గట్టిగా, వచ్చేటప్పుడు తాపీగా.

నాలుగోది ఫ్యాన్ పక్కనుండే మీట, 1 నుంచి 10 దాకా. మనవాళ్ళకి 10లో పెడితేనే మొనగాడు. నిజానికి అది సైకిల్ గేర్ లాంటిది. ఫ్యాన్‌లోకి ఎంత గాలి వెళ్ళాలో మారుస్తుంది, అంతే. స్ట్రోకుకీ స్ట్రోకుకీ మధ్య చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తోందో స్క్రీన్ కొలుచుకుంటూనే ఉంటుంది, ఆ ప్రకారమే లెక్క కడుతుంది. కాబట్టి 10లో పెట్టినందుకు ఉచితంగా మీటర్లేమీ రావు. చక్రం త్వరగా నెమ్మదించి ప్రతి క్యాచ్ బరువెక్కుతుంది, అది మళ్ళీ నడుముకే. కొత్తవాళ్ళు 3 నుంచి 5 మధ్య మొదలుపెట్టమని తయారీదారులే చెప్తారు.

ఇవన్నీ సరిచేసుకున్నా, మొదట్లోనే ఆవేశపడితే లాభం లేదు. 2000 మీటర్లు 8 నిమిషాల్లో లాగాలనుకోండి. మొత్తం ఒకే వేగంతో లాగితే చక్రానికి ఇచ్చిన పని సుమారు 97 కిలోజౌళ్ళు. మొదటి 1000 మీటర్లు 3 నిమిషాల 40 సెకన్లలో దంచి, మిగతా 1000 ఈడ్చుకుంటూ 4 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేస్తే టైమ్ అదే 8 నిమిషాలు. పని మాత్రం సుమారు 99 కిలోజౌళ్ళు. అదే రిజల్ట్‌కి రెండు శాతం ఎక్కువ బిల్లు. మొదటి సగంలో ఒళ్ళు పడే బాధ ఈ లెక్కలో లేదు, అది అదనం.

ఇక్కడ ఒక మంచి ప్రశ్న వస్తుంది. "జిమ్‌కి వచ్చేదే క్యాలరీలు ఖర్చుపెట్టడానికి కదా, మళ్ళీ పొదుపెందుకు? తప్పుగా లాగితే ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది కదా?" అని. ఒక నిమిషానికి చూస్తే నిజమే కావచ్చు. కానీ తప్పుగా లాగేవాళ్ళు మూడు నిమిషాల్లో దిగిపోతున్నారు. సరిగ్గా లాగితే అదే మనిషి ఇరవై నిమిషాలు లాగగలడు. మొత్తంగా ఏది ఎక్కువో చెప్పక్కర్లేదు. ఇంకో మాట, స్క్రీన్ మీద కనపడే క్యాలరీలు కూడా ఆ వాట్స్ నుంచి లెక్కేసినవే. 100 వాట్స్‌కి గంటకి సుమారు 644 అని చూపిస్తుంది, ఎవరు లాగినా, ఎలా లాగినా. పొదుపు అంటే తక్కువ పని చేయడం అని నేననట్లేదు. చేసిన పని చేరాల్సిన చోటికి చేరాలి అంటున్నా.

మన క్యాంపస్‌లో అలసటకి ఉన్న మర్యాద ఫలితానికి లేదు. నైట్ అవుట్ చేసి ఎర్రటి కళ్ళతో ల్యాబ్‌కి వచ్చినవాడు కష్టజీవి. ముందే చదువుకుని పదింటికి పడుకున్నవాడు "వాడికేంట్రా". జిమ్‌లోనూ అదే చూపు. గొడ్డుచాకిరీకి చప్పట్లు కొడతాం. తాపీగా, ఒకే లయలో లాగుతున్నవాళ్ళని చూసి "ఏంటి, నిద్రపోతున్నావా?" అంటాం.

బలం ఉన్నవాళ్ళకి పద్ధతి తోడైతే ఏమవుతుందో చూడాలంటే దత్తు భోకనల్ ఉన్నాడు. నాసిక్ జిల్లాలోని కరువు ప్రాంతం నుంచి వచ్చి, బావులు తవ్వే పని చేసి, 2012లో ఆర్మీలో చేరాడు. రోయింగ్ నేర్చుకున్నది అక్కడే. నాలుగేళ్ళకి, 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానం. 2018 ఏషియన్ గేమ్స్‌లో నలుగురి జట్టుతో గోల్డ్. కష్టపడి గట్టిపడిన ఒళ్ళు అతనికి ముందే ఉంది. ఆ కష్టాన్ని తెడ్డు మీదికి చేర్చడం మాత్రం నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా అమ్మాయిల హాస్టల్‌కి జిమ్ టైమ్ సాయంత్రం ఒక్క గంటే. రోయింగ్ మెషిన్ ఒక్కటే. మనిషికి పది నిమిషాలు దొరికితే గొప్ప. ఆ పది నిమిషాల్లో మూడు లాగి, ఏడు ఆయాసపడితే ఎలా? "అమ్మాయిలకి చేతుల్లో బలం చాలదులే" అనే మాట కూడా ఆ మెషిన్ పక్కనే చాలాసార్లు విన్నా. అది చేతుల మెషిన్ కాదని తెలిస్తే ఆ మాట పుట్టదు, ఆ మాట విని దిగిపోయేవాళ్ళూ ఉండరు.

నేను అడిగేవి మూడే. ఒకటి, మెషిన్ ఎదురుగా గోడ మీద తెలుగులో ఒక పేజీ: కాళ్ళు, నడుము, చేతులు, చేతులు, నడుము, కాళ్ళు, మీట 4, నిమిషానికి 20. రెండు, ఫస్ట్ ఇయర్ వాళ్ళకి జిమ్ కార్డ్ ఇచ్చే రోజే పీడీ సర్ ఒక పది నిమిషాలు ఎక్కించి చూపించాలి. మూడు, స్పోర్ట్స్ మీట్‌లో పెట్టే 500 మీటర్ల గుడ్డిలాగుడు పోటీ తీసేసి, 2000 మీటర్ల పోటీ పెట్టాలి, నిమిషానికి 24 స్ట్రోకులు దాటకూడదన్న రూల్‌తో. అప్పుడు గెలవాలంటే పద్ధతి నేర్చుకోక తప్పదు. మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక ఏ4 కాగితం, కాస్త ఫెవికాల్. కాగితం నేను రాసిస్తా.